రసీదు లేకుంటే ఫిర్యాదు చేయనట్టే

(పోయిన ఆదివారం టోవా పాయోలో మన గ్రూపు కలిసినప్పుడు జగిత్యాల జిల్లా అన్న ఒకరు మాట్లాడిన మాటలు ఇవి. ఫోన్‌లో రికార్డు చేసి రాసినం. డ్యూటీ ఉండి రాలేకపోయిన చాలామంది అడిగిండ్రు కాబట్టి మొత్తం పెడుతున్నం. అన్న కోరిక మీద పేరు, ఊరు రాయలేదు.)



వారానికి ఒక్క ఆదివారం దొరుకుతది. బట్టలు ఉతుక్కోవాలె, ఇంటికి పైసలు పంపాలె, వారం సరిపోయే కూరగాయలు కొనుక్కోవాలె. అవన్నీ పక్కకు పెట్టి వచ్చిండ్రు. నేను లీడర్‌ను కాదు, లాయర్‌ను కాదు. మైకు పట్టుకునుడు ఇదే మొదలు. కానీ ఇంటికాడ వికలాంగ బిడ్డ ఉన్న తండ్రులు మన గ్రూపుల నేను ఒక్కన్నే కాదని తెలిసింది. నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్తే ఒక్కరికన్నా పనికొస్తదని వచ్చిన.

నేను సింగపూర్‌కు వచ్చి పదకొండేండ్లు. మూడేండ్ల సంది మా కంపెనీకి హెచ్‌డీబీ బ్లాకులల్ల పని. ఇండ్ల లోపలికి పోయి ముసలోళ్ళకు బాత్రూంల పట్టుకునే కడ్డీలు బిగిస్తం, నేల జారకుండ చేస్తం, గడప దగ్గర చిన్న ర్యాంపు పెడతం. ఈజ్ స్కీం అంటరు, 2012ల మొదలుపెట్టిండ్రు. ఇక్కడ కూసున్నోళ్ళల్ల ఇద్దరు ముగ్గురు నాతోని ఆ పని చేసినోళ్ళే.

ఒకరోజు ఇదే టోవా పాయోల ఒక పెద్దాయన ఇంట్ల ర్యాంపు పెట్టిన. గడప ఎత్తు జానెడు కూడా లేదు. పని అయినంక ఆయన చక్రాల కుర్చీ తనే తోసుకుంట బయటి వరండాకు వచ్చిండు, మళ్ళ లోపలికి పోయిండు, మళ్ళ వచ్చిండు. చిన్న పిల్లగాని లెక్క మూడు సార్లు తిరిగిండు. నేను నవ్విన. తర్వాత లారీల కూసున్నంక నవ్వు రాలే. మా ఊరి బడికి మూడు మెట్లు ఉన్నయి. ఆ మూడు మెట్ల వల్లనే నా బిడ్డ బడికి పోలే. ఈడ ఊరంతటికి ర్యాంపులు పెట్టేటోని బిడ్డ ఆడ గడప దాటలేదు.

మా బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేండ్లు. పుట్టంగనే ఏడవలే. ఏడాదిన్నర అయినా కూసోలే. డాక్టర్లు సెరిబ్రల్ పాల్సీ అన్నరు. మెదడు చెప్పిన మాట కాళ్ళకు చేతులకు సరిగ్గ అందదు. కానీ బిడ్డకు తెలివి మంచిగున్నది. ఫోన్ మోగిన తీరు విని "నాన్న" అంటది. మాట ముద్దగ వస్తది గని నాకు అర్థమైతది.

నాలుగేండ్లప్పుడు సదరం సర్టిఫికెట్ తీసుకున్నం. 80 శాతం రాసిండ్రు. ఆసరా పింఛన్ వచ్చింది. మన తెలంగాణల వికలాంగుల పింఛన్ 2023 జులై నుంచి నెలకు 4,016 రూపాయలు. మందులకు, ఫిజియోథెరపీకి పోయే ఆటోకు అదే ఆధారం.

ఒక నెల పోస్టాఫీసుల "పేరు రాలేదమ్మా" అన్నరు. మా ఆమె నాకు చెప్పింది. పోయి అడుగు అన్న. వారానికోసారి ఇదే మాట. పోయినవా? పోయిన. ఏమన్నరు? మళ్ళ రమ్మన్నరు. నువ్వు గట్టిగ అడగవు, నీకు మాట్లాడరాదు, అదే నేనుంటే... ఇట్ల తిట్టుడే నా పని. నడుమల ఒకాయన నేను చేయిస్త అంటే ఎనిమిది వేలు పంపిన. ఆయన ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. అట్ల పద్నాలుగు నెలలు పోయినయి. 56,224 రూపాయలు. ఓటీ లెక్క కట్టుకుంటే ఎన్ని రాత్రుల కష్టమో మీకే తెలుసు.

ఒకరోజు రాత్రి పెద్ద లొల్లి అయింది. నువ్వు అసలు ఆఫీసుకు పోతున్నవా లేదా అన్న. ఆమె ఏం అనలే. ఫోన్ పెట్టేసి ఒక ఫోటో పంపింది. గోడ మీద క్యాలెండర్. దాని మీద పెన్నుతోని సున్నాలు చుట్టి ఉన్నయి. ఒక్కో సున్నా పక్కన ఎక్కడికి పోయింది, ఏమన్నరు, ఆటోకు ఎంత అయింది రాసి ఉన్నది. లెక్కపెట్టిన. పదకొండు సార్లు పోయింది. తొమ్మిదేండ్ల బిడ్డను సంకనేసుకొని, కూలి పోగొట్టుకొని, పదకొండు సార్లు.

డార్మ్‌ల పై బెడ్డు మీద పండుకొని ఆ ఫోటోనే చూసిన. సిగ్గయింది. మా ఆమె పోకపాయె అనుకున్న. ఆమె పోయింది, నేనే నమ్మలే.

అన్నలారా, ఇక్కడే అసలు ముచ్చట ఉన్నది. పదకొండు సార్లు పోయింది గని పదకొండు సార్లల్ల ఒక్క కాగితం కూడా ఇయ్యలే, ఒక్క రసీదు తీసుకోలే. ఆమె పోయినట్టు ఆమె క్యాలెండర్‌ల ఉన్నది గని ఏ ఆఫీసు రిజిస్టర్‌ల లేదు. రేపు పెద్ద సారు అడిగితే కింది సారు "ఎవరూ రాలేదు సార్" అంటే అది అబద్ధమని చూపెట్టేటందుకు మన చేతుల ఏమీ లేదు. నోటితో చెప్పింది గాలికి పోతది. రసీదు లేకుంటే ఫిర్యాదు చేయనట్టే. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే ఇయ్యాల మీరు వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

ఇది నాకు ఈ టోవా పాయోలనే అర్థమైంది. రాత్రిపూట కొన్ని బ్లాకుల కింద జనం కుర్చీలేసుకొని కూసుంటరు, చూసిండ్రా? ఒక తమిళ అన్నను అడిగితే చెప్పిండు. వాళ్ళ ఎంపీ వారానికోసారి జనాన్ని కలుస్తడట. వచ్చినోళ్ళ సమస్య అక్కడనే లెటర్‌ల రాసి సంబంధించిన ఆఫీసుకు పంపుతరట. లిఫ్టు చెడిపోతే, వరండాల లైటు పోతే టౌన్ కౌన్సిల్ చూస్తది.  ఈడ పుట్టి, ఈడ ఓటున్నోళ్ళు కూడా నోటితో చెప్పి ఊకుంటలేరు. మనమేమో ఫోన్‌ల తిట్టుకుంట కూసుంటున్నం.

అయితే మనం ఈడి కౌన్సిల్‌కు పోయి చేసేదేం లేదు. వర్క్ పర్మిట్ మీద పెండ్లాం పిల్లలను తెచ్చుకోనియ్యరు. మన పిల్లలు ఆడ ఉన్నరు. కాబట్టి మన కౌన్సిల్ అంటే మన గ్రామ పంచాయతీ, మన మండలాఫీసు, మన కలెక్టరేట్. కాగితం ఆడ పడాలె. రాసుడు, యాదికి పెట్టుకునుడు, వెంబడి పడుడు ఈడినుంచి మనం చేయొచ్చు.

*బిడ్డకు ఏం హక్కు ఉన్నది*

ముందుగాల మనసుల ఒకటి తీసేయాలె. మనం దయ అడుగుతలేం. 2016ల వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలుల ఉన్నది. 21 రకాల వైకల్యాలను అది గుర్తిస్తది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేండ్ల నుంచి పద్దెనిమిదేండ్ల దాక ఉచిత చదువు హక్కు అని 31వ సెక్షన్ చెప్తది. దగ్గరి బడిలనైనా సరే, ప్రత్యేక బడిలనైనా సరే, మనం కోరుకున్న దాంట్ల. బడి బిల్డింగు ఆ బిడ్డ పోయేటట్టు ఉండాలని 16వ సెక్షన్. పుస్తకాలు, పరికరాలు ఉచితంగ ఇయ్యాలని 17వ సెక్షన్. 2009 విద్యాహక్కు చట్టంల కూడా బడికి ఉండాల్సిన సౌకర్యాల పట్టికల అడ్డంకి లేని దారి అని రాసి ఉన్నది. అంటే ర్యాంపు పెట్టుడు హెడ్మాస్టర్ చేసే మేలు కాదు, బడికి ఉండాల్సిన లక్షణం.

ఈడ కూడా చూడుండ్రి. టోవా పాయో రైజ్ రోడ్డు మీద చూపు లేని పిల్లల బడి ఉన్నది, లైట్‌హౌస్ స్కూల్ అంటరు. 2019 నుంచి సింగపూర్‌ల ప్రత్యేక అవసరాలున్న పిల్లలను కూడా బడికి పంపుడు తప్పనిసరి చేసిండ్రు. మన దేశంల చట్టం అంతకన్న ముందే ఉన్నది. చట్టానికి తక్కువ లేదు. కాగితం పెట్టేటోళ్ళు తక్కువ.

మంచాన పడి కదలలేని పిల్లలకైతే టీచరే ఇంటికి రావాలె. 2012ల విద్యాహక్కు చట్టాన్ని మార్చినప్పుడు తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటికాడ చదువుకునే వీలు పెట్టిండ్రు. మన రెండు రాష్ట్రాలల్ల మండలాలల్ల భవిత కేంద్రాలు ఉన్నయి. ప్రత్యేక టీచర్లు ఉంటరు, ఫిజియోథెరపీ చేస్తరు. బిడ్డను తీసుకపోను దారిఖర్చుల అలవెన్సు, తోడు మనిషికి అలవెన్సు సమగ్ర శిక్ష పథకంల ఉన్నయి. ఆడపిల్లలకు స్టైపెండ్ కూడా ఉన్నది. అడగకుంటే ఎవరూ ఇంటికి తెచ్చి ఇయ్యరు.

ఇంకొకటి, నిరామయ. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నోళ్ళకు ఏడాదికి లక్ష రూపాయల దాక ఆరోగ్య బీమా. 1999 చట్టంతోని ఏర్పడ్డ నేషనల్ ట్రస్ట్ నడిపిస్తది. థెరపీ ఖర్చు కూడా అందుల వస్తది.

*ఏ పనికి ఏ ఆఫీసు*

మా ఆమె పదకొండు సార్లు తిరగడానికి ఒక కారణం ఇది కూడ. సర్టిఫికెట్ సంగతి పంచాయతీల అడిగింది, పింఛన్ సంగతి బడిల అడిగింది. ఎవరికి వాళ్ళు నాది కాదన్నరు. అది నిజమే, వాళ్ళది కాదు. అందుకే చెప్తున్న, రాసుకోండ్రి:

సర్టిఫికెట్ — సర్కారు దవాఖాన మెడికల్ బోర్డు ఇస్తది. ఇప్పుడు దేశమంతా యూడీఐడీ కార్డు నడుస్తున్నది. స్వావలంబన్ వెబ్‌సైట్‌ల దరఖాస్తు పెట్టుకోవాలె. ఫోన్‌ల ఈడినుంచి మీరే నింపొచ్చు.

పింఛన్ — తెలంగాణ పల్లెల ఎంపీడీఓ ఆఫీసు, టౌన్‌ల మున్సిపల్ కమిషనర్. ఆంధ్రల గ్రామ, వార్డు సచివాలయం.

చదువు, భవిత కేంద్రం, ఇంటికి టీచర్ — మండల విద్యాధికారి, అంటే ఎంఈఓ.

బడి ర్యాంపు — హెడ్మాస్టర్‌కు ఒక కాపీ, పంచాయతీకి ఒక కాపీ. గ్రామసభల లేపండ్రి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. ఆ సభల మాట తీర్మానం పుస్తకంల రాయించాలె.

చక్రాల కుర్చీ, కాలిపర్లు — జిల్లా సంక్షేమ శాఖ. క్యాంపులు పెడతరు, కొలతలు తీసుకొని ఇస్తరు.

ఇక సర్టిఫికెట్ గురించి జాగ్రత్త. చిన్న పిల్లలకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తరు. దాని మీద గడువు తేదీ ఉంటది. మా పింఛన్ ఆగింది ఆ గడువు అయిపోయినందుకే. ఎవరూ ముందుగాల చెప్పలే, మేము చూసుకోలే. అట్లనే ఐదేండ్లు నిండినంక, పదిహేనేండ్లు నిండినంక ఆధార్‌ల వేలిముద్రలు మళ్ళ ఇయ్యాలె. వేళ్ళు తెరుచుకోని పిల్లలకు, కండ్లు నిలపలేని పిల్లలకు మినహాయింపు ఉన్నది. ఆధార్ కేంద్రంల కాదంటే ఆ మినహాయింపు అడగండ్రి.

*కాగితం ఎట్ల రాయాలె*

ఒక కాగితంల ఒక్కటే అడగాలె. పింఛన్, ర్యాంపు, కుర్చీ అన్నీ ఒక్క దాంట్ల రాస్తే ఎవరూ తనది అనుకోరు. కోపం రాయొద్దు. తేదీలు రాయాలె. నేను రాసింది ఇట్ల ఉన్నది, మీ వివరాలు పెట్టుకొని వాడుకోండ్రి:

"గౌరవనీయులైన మండల అభివృద్ధి అధికారి గారికి, నమస్కారములు.

విషయం: నా కుమార్తె వికలాంగుల పింఛను నిలిచిపోయిన విషయమై ఫిర్యాదు.

నా కుమార్తె (పేరు), వయస్సు 9 సంవత్సరములు, సెరిబ్రల్ పాల్సీతో 80 శాతం వైకల్యం కలిగి ఉన్నది. పింఛను నంబరు (...). (ఫలానా) నెల నుండి పింఛను రావడం లేదు. ఈ విషయమై నేను ఈ క్రింది తేదీలలో కార్యాలయమునకు వచ్చితిని: (తేదీలు). ప్రతిసారీ మళ్ళీ రమ్మని చెప్పినారు. కారణం రాతపూర్వకంగా తెలుపలేదు.

కావున (1) పింఛను ఆగిన కారణం రాతపూర్వకంగా తెలుపగలరు. (2) దానిని పునరుద్ధరించుటకు మేము చేయవలసినది ఏమిటో తెలుపగలరు. (3) ఈ దరఖాస్తు అందినట్లు రసీదు ఇవ్వగలరు.

జతపరచినవి: సర్టిఫికెట్ నకలు, ఆధార్ నకలు, పింఛను పుస్తకం నకలు.

(తల్లి పేరు, సంతకం, తేదీ, ఫోన్ నంబరు)"

ఇంతే. తేదీలు ఎక్కడియి? మా ఆమె క్యాలెండర్‌లయి. నేను ఆమెను తిట్టిన ఆ పదకొండు రోజులే మా ఫిర్యాదుకు బలం అయినయి.

సంతకం తల్లి చేస్తే చాలు. తండ్రి ఊళ్ళె లేడని కాగితం తీసుకోం అంటే నమ్మొద్దు. రెండు కాపీలు తీసుకపోవాలె. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలె. ముద్ర వేయం అంటే లొల్లి పెట్టుకోవద్దు, బయటికి వచ్చి అదే కాగితం స్పీడ్ పోస్టుల అదే ఆఫీసుకు పంపాలె. పోస్టాఫీసు రసీదు కూడా రసీదే.

*జవాబు రాకుంటే*

మొదటి మెట్టు, సోమవారం. తెలంగాణల కలెక్టరేట్‌ల ప్రతి సోమవారం ప్రజావాణి. ఆంధ్రల కూడా సోమవారమే కలెక్టరేట్‌ల ఫిర్యాదులు తీసుకుంటరు, పీజీఆర్ఎస్ అంటరు. పాత కాగితం రసీదు జత చేసి ఇస్తే, నంబరు ఉన్న చీటీ ఇస్తరు. ఆ నంబరు ఫోటో మీకు రావాలె. హైదరాబాద్ ప్రజాభవన్‌ల మన లాంటోళ్ళ కోసం 2024ల ప్రవాసీ ప్రజావాణి కూడా పెట్టిండ్రు. మంగళవారం, శుక్రవారం.

రెండో మెట్టు, సమాచార హక్కు. 2005 చట్టం. "ఫలానా తేదీన ఇచ్చిన మా దరఖాస్తు మీద ఏ రోజు ఏ చర్య తీసుకున్నరు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నది" అని అడగాలె. పంచాయతీల అడిగితే ఫీజు లేదు, మండలంల అయితే 5 రూపాయలు, పైన 10 రూపాయలు. 30 రోజులల్ల చెప్పాలె. చెప్పకుంటే పై అధికారికి అప్పీలు.

మూడో మెట్టు, రాష్ట్ర వికలాంగుల కమిషనర్. 2016 చట్టం కింద ఆయనకు సివిల్ కోర్టుకు ఉన్నట్టు కొన్ని అధికారాలు ఉన్నయి, ఆఫీసర్లను పిలిపించొచ్చు. ఆయన సిఫార్సు చేస్తే ఆ ఆఫీసు ఏం చేసిందో మూడు నెలలల్ల చెప్పాలె. పోస్టుల రాసి పంపొచ్చు.

ఫోన్ పట్టుకొని ఈడినుంచే చేయగలిగేది కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్, సీపీగ్రామ్స్. 2024 ఆగస్టుల 21 రోజుల గడువు పెట్టిండ్రు. మన పని రాష్ట్రానిది కాబట్టి అది రాష్ట్రానికి పంపుతరు, అందుకు ఇంకొంత టైము పట్టొచ్చు. కానీ ఫిర్యాదు నంబరు మాత్రం అప్పుడే చేతికి వస్తది.

మెట్టు దాటి మెట్టు ఎక్కొద్దు. కింద రసీదు లేకుండ పైకి పోతే, "ముందు మండలంల అడగు" అని తిప్పి పంపుతరు.

*సింగపూర్‌ల ఉండి మనం చేసేది*

ఆడ ఆఫీసు తెరిచే పదిన్నరకు ఈడ మధ్యాహ్నం ఒంటిగంట, మన తిండి టైము. అప్పుడు ఆఫీసుకు ఫోన్ చేయొచ్చు. "సార్, నేను సింగపూర్ నుంచి మాట్లాడుతున్న, ఫలానా తేదీ దరఖాస్తు, ఫలానా నంబరు" అంటే మాట తీరే మారుతది. నంబరు లేకుండ ఫోన్ చేస్తే "మీవాళ్ళను రమ్మనండి" అంటరు.

ప్రతి కాగితం ఫోటో ఒక ఆల్బంల పెట్టుకోండ్రి. ఫోన్ పోతే పోకుండ ఈమెయిల్‌ల కూడా పెట్టుకోండ్రి. ఆధార్, సర్టిఫికెట్ ఫోటోలు గ్రూపుల మాత్రం పెట్టొద్దు. ఏదన్నా అడగాలంటే నంబర్లు కొట్టేసి పెట్టండ్రి.

చేయిస్త అనేటోనికి పైసలు ఇయ్యొద్దు. నేను ఇచ్చిన ఎనిమిది వేలు పోయినయి, అంతకన్న ఎక్కువ పోయింది ఆయన చేస్తడని ఎదురుచూసిన నాలుగు నెలలు.

ఇంటికి పంపేటప్పుడు ఆఫీసు తిరుగుడుకు వేరుగ కొంత పంపండ్రి. ఆటో, జిరాక్స్, పోయిన కూలి. అది ఇంటి ఖర్చుల నుంచి తీయాల్సి వస్తే ఆమె పోవుడు వాయిదా వేస్తది. ఆమె తప్పు కాదది.

*మాకు ఏమైంది*

కాగితం ఇచ్చిన మూడు వారాలకు జవాబు రాలే. సోమవారం మా ఆమె కలెక్టరేట్‌కు పోయింది, నంబరు తెచ్చుకున్నది. ఐదు రూపాయల ఆర్టీఐ కూడా పెట్టినం. జవాబుల ఏముందో తెలుసా? మా పాత ఫైలు మండలం దాటి పోనేలేదు. పద్నాలుగు నెలలు ఒక బీరువల ఉన్నది. అది కాగితం మీద వాళ్ళే రాసి ఇచ్చిండ్రు. దాని తర్వాత ఎవరూ మళ్ళ రమ్మనలే. మెడికల్ బోర్డుకు తేదీ దొరికింది, కొత్త సర్టిఫికెట్ వచ్చింది, పింఛన్ మళ్ళ మొదలైంది.

పాత పద్నాలుగు నెలలయి రాలే. కొత్త మంజూరు నుంచే ఇస్తమన్నరు. దాని మీద కమిషనర్‌కు రాసినం, ఇంకా నడుస్తున్నది. కుర్చీ క్యాంపుల ఇచ్చిండ్రు గని పెద్దోళ్ళ సైజు, బిడ్డ జారుతది. దానికి వేరే కాగితం పెట్టినం. భవిత టీచరమ్మ వారానికోసారి ఇంటికి వస్తున్నది. బిడ్డ "అ" గుర్తుపడుతున్నది.

మూడు మెట్లు ఇంకా మూడు మెట్లే. గ్రామసభల మా ఆమె లేచి అడిగింది. నలుగురిల ఎప్పుడూ నోరు తెరవని మనిషి. తీర్మానం పుస్తకంల రాయించింది, ఫోటో తీసి పంపింది. ఎస్టిమేట్ వేస్తమన్నరు. నేను ఒక మాట చెప్పిన, పోయిన సెలవుల చెప్పి ఉంటే బాగుండేది: సిమెంటు, ఇసుక ఇప్పించుండ్రి, ఈసారి వచ్చినప్పుడు నేనే కడత. ఎంత వాలు ఉండాలె, అంచుకు ఎంత కట్ట ఉండాలె నాకు నోటికి వచ్చు. మూడేండ్ల సంది అదే చేస్తున్న గదా. కానీ అది కూడా నోటితోని కాదు, కాగితం మీద రాసి ఇచ్చిన. ముద్ర వేయించుకున్న.

*ఒక తమ్ముడు అడిగింది*

(ఇక్కడ శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు తమ్ముడు ఒకరు అడిగిండు: "అన్నా, మా బాబు మంచం మీదే ఉంటాడు. ఇప్పుడు ఆరు వేలు వస్తున్నాయి. పదిహేను వేలు వస్తాయంటున్నారు, నిజమేనా? మళ్ళీ చెకింగ్‌కి రమ్మంటే మా ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారు.")

తమ్ముడూ, నిజమే. ఆంధ్రల ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వికలాంగులకు 6,000, పూర్తిగ మంచానికే పరిమితమైనోళ్ళకు 15,000. అది మెడికల్ బోర్డు పరీక్షించి రాస్తేనే వస్తది. సచివాలయంల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోమను. చెకింగ్ అంటే భయపడొద్దు. 2025ల మీ దిక్కు చానామందిని మళ్ళ పరీక్షకు పిలిచిండ్రు, నోటీసులు కూడా వచ్చినయి. పోకుండ ఉంటేనే నష్టం. నోటీసు వచ్చిన కవరు కూడా పడేయొద్దు, దాని మీద తేదీ ఉంటది. శాతం తక్కువ రాసిండ్రు అనిపిస్తే అప్పీలు చేసే హక్కు 59వ సెక్షన్‌ల ఉన్నది. బాబును కదిలించుడు కష్టమైతే ఆ మాట కూడా కాగితం మీదనే రాసి అడగాలె.

*ఇగ చివరి మాట*

ఇయ్యాల రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు అడగండ్రి. ఒకటి, బిడ్డ సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉన్నదా, ఉంటే ఎప్పుడు? రెండు, ఆఫీసుకు ఇచ్చిన ఏ కాగితానికన్నా రసీదు ఉన్నదా? మూడు, బిడ్డ బడికి పోతున్నదా, లేకుంటే ఎవరు వద్దన్నరు, ఏ తేదీన?

నాలుగోది నేను చెప్తున్న. నువ్వు గట్టిగ అడగవు అనే మాట మాత్రం అనొద్దు. బిడ్డను ఎత్తుకొని ఎన్నిసార్లు పోయిందో ముందు అడగండ్రి. చెప్పింది రాసుకోండ్రి. మీ ఫిర్యాదు అక్కడినుంచే మొదలైతది.

ఎవరికన్నా కాగితం రాసుడు రాకుంటే వచ్చే ఆదివారం నేను ఇక్కడనే ఉంట. పెన్ను తెస్త, తెల్ల కాగితాలు తెస్త. మీరు తేదీలు తీసుకొని రాండ్రి.

నమస్తే.

(ఈ మెసేజీని ఇంటికాడ వికలాంగ పిల్లలున్న మన తమ్ముళ్ళకు పంపండి. చదువు రానివాళ్ళకు చదివి వినిపించండి. వచ్చే ఆదివారం దరఖాస్తులు రాయించుకోవాలనుకునేవాళ్ళు గ్రూపు అడ్మిన్‌కు ముందే ఒక మెసేజీ పెట్టండి.)